గురుగు అనగా శాకవిశేషము

ఎం.ఏ.లో మాకు ఆముక్తమాల్యద నాలుగో ఆశ్వాసం పాఠంగా ఉండేది. అందులో వానాకాలం వర్ణన మధ్యలో రెడ్ల మీద ఒక మత్తేభం వస్తుంది. బయట జడివాన. పశువులు పొలానికి పోయాయి. ఊరి మీద పెత్తనమున్న రెడ్లు పొగలు కక్కే ఆరికల అన్నంలోకి నూనెలో వేయించిన ఆకుకూర కలుపుకుని కడుపునిండా తిని, మేక ఎరువు కుంపటి పెట్టుకుని మంచమెక్కారు. లేగదూడలు వాళ్ళ ఒళ్ళు నాకుతున్నాయి. 1509 నుంచి 1529 దాకా సామ్రాజ్యాన్ని ఏలిన కృష్ణదేవరాయలు ఒక పల్లెటూరి కంచంలోకి ఇంత దగ్గరగా ఎట్లా తొంగిచూశాడా అని అప్పుడూ ఆశ్చర్యపోయాను, ఇప్పుడూ ఆశ్చర్యమే.

ఆ కూరలో ఐదు రకాల ఆకులున్నాయి. పద్యంలో మొదటి మాటే గురుగు. "గురుగు అంటే ఏంటి సార్?" అని క్లాసులో ఎవరో అడిగారు. "శాకవిశేషం" అన్నారు సార్. అందరం నోట్సులో రాసుకున్నాం. గురుగు, శాకవిశేషము. చెంచలి, శాకవిశేషము. తుమ్మి, శాకవిశేషము. పరీక్షలో మార్కులు కూడా పడ్డాయి.

సార్‌ని తప్పు పట్టడం కాదు నా ఉద్దేశం. ఆయన చదివిన పుస్తకాలు ఆయనకు అదే నేర్పాయి. మన నిఘంటువుల్లో, కావ్య వ్యాఖ్యానాల్లో మొక్కల పేర్ల పక్కన అలుపులేకుండా కనిపించే మాట ఇది: వృక్షవిశేషము, లతావిశేషము, తృణవిశేషము. చదివితే ఏదో అర్థం చెప్పినట్టే ఉంటుంది. నిజానికి "ఏదో ఒక చెట్టు, నీకెందుకులే" అని చెప్పడమే అది. ఒక అలంకారం పేరు తప్పు చెప్తే ఊరుకోని పండితులు, తినే ఆకు దగ్గరికొచ్చేసరికి "ఏదో ఒకటి" అని దాటిపోయారు. మన మొక్కల తెలుగు పేర్లను శ్రద్ధగా రాసిపెట్టుకున్నవాళ్ళలో ఒకడు సామర్లకోటలో తోట పెంచిన స్కాట్లండు డాక్టరు విలియం రాక్స్‌బర్గ్. 1795 నుంచి వచ్చిన కోరమాండల్ మొక్కల పుస్తకంలో బొమ్మ, లాటిన్ పేరు, దాంతోపాటు తెలుగువాళ్ళు ఏమంటారో కూడా ఇచ్చాడు. 1852 నాటి బ్రౌన్ నిఘంటువులోనూ చాలా మొక్కలకు లాటిన్ పేర్లుంటాయి. వాళ్ళకు కుంపెనీ లెక్కలేవో ఉండొచ్చు. కానీ చెట్టు దగ్గరికి వెళ్ళి "దీని పేరేంది?" అని అడగాలన్న తెలివి ఉంది.

నాకా తెలివి రావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

మాది బాన్సువాడ. ఇప్పుడు కామారెడ్డి జిల్లా, 2016 దాకా నిజామాబాద్ జిల్లా. ఒక వానాకాలం సెలవుకి వెళ్ళినప్పుడు ఈ పద్యాన్ని మా అమ్మకు చదివి వినిపించాను. అమ్మకు కావ్యాలతో పరిచయం లేదు. పద్యం మొత్తం పాడితే "మంచిగుంది" అని ఊరుకుంది. విడగొట్టి, ఒక్కో ఆకు పేరు చెప్పడం మొదలుపెట్టగానే చేతిలో ఉన్న చాట పక్కన పెట్టింది.

"గురుగు ఏంది? గునుగా?"

నేను ఆగిపోయాను. గునుగు నాకు తెలుసు. తెలంగాణలో పుట్టిన ఎవరికైనా తెలుసు. బతుకమ్మలో తంగేడు తర్వాత వరసల్లో పేర్చే పువ్వు అది. తెల్లగా, కొసన లేత గులాబీ రంగుతో నిలువు కంకిలా ఉంటుంది. కొన్నింటికి రంగులద్ది ఆరబెడతారు. ఆ గునుగు తినేదని నేనెప్పుడూ అనుకోలేదు. తర్వాత వృక్షశాస్త్రం పుస్తకాలు తిరగేస్తే గురుగు, గునుగు రెండూ ఒకే మొక్క పేర్లని తేలింది: సెలోసియా అర్జెంటియా. తోటకూర కుటుంబం. అమ్మకు లాటిన్ అక్కరలేకపోయింది. ఒక్క అక్షరం పక్కకు జరిపి పట్టేసింది.

తర్వాత అమ్మ చేసిన పనిని నేను విమర్శ అనే అంటాను. ఆమె పద్యాన్ని వంటగా చదివింది. "తుమ్మి చేదు. తగిరిసది ఒక తీరు వాసన. ఉత్తగ వండితే నోట్లె పెట్టలేం. గందుకే చింతచిగురు ఏసిన్రు, పులుపుకు చేదు ఇరుగుతది" అంది. ఐదు ఆకుల పట్టికను నేను కవి చేసిన లిస్టు అనుకున్నాను, ఆమె దాన్ని లెక్క తప్పని వంటకమని చెప్పింది. గునుగు, చెంచలి మెత్తగా కమ్మగా ఉంటాయి, కూరకు ఒళ్ళు అవే. తుమ్మి, తగిరిస ఘాటు. చిగురు పులుపు. నూనె అన్నిటినీ కలుపుతుంది. అమెరికా ఖండం నుంచి రావలసిన మిరపకాయ అప్పటికింకా మన వంటింటి సరుకు కాలేదు కాబట్టి, పద్యంలో కారం ఊసు లేకపోవడమూ సబబే. "చిగురు ఇంక ముదరలే అంటే వానలు పడి ఎక్కువ రోజులు కాలే" అని కూడా అంది. పద్యంలోని వానకు ఆమె తేదీ వేసేసింది.

ఆ తేదీ నాకు ముఖ్యమనిపించింది. ఎందుకంటే గునుగుకు రెండు జీవితాలున్నాయి. తొలకరి తర్వాత మొలిచి జానెడు ఎత్తు ఉన్నప్పుడు అది కూర. ఆకులు తుంచి, ఉడకబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కందిపప్పులో వేసి ఎల్లిగడ్డ పోపు పెడితే జొన్నరొట్టెలోకి బాగుంటుందట. భాద్రపదం వచ్చేసరికి కాడ గట్టిపడి కంకి వేస్తుంది. ఇక తినరు. పెత్రమాస నాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజులు అది పువ్వు. రాయలు చూసింది మొదటి జీవితాన్ని. నేను చూస్తూ పెరిగింది రెండోదాన్ని. మధ్యలో రెండు నెలలు, ఐదు వందల ఏళ్ళు. మొక్క మాత్రం ఒకటే. శాకవిశేషము అన్న మాట ఆ రెండిటికీ మధ్యనున్న దారిని మూసేసింది.

బతుకమ్మ గురించి మాట్లాడేటప్పుడు మనం ఎక్కువగా అస్తిత్వం గురించి మాట్లాడతాం, వృక్షశాస్త్రం గురించి కాదు. కొంచెం ఆ వైపు చూసినా కథ మారుతుంది. బతుకమ్మలో పేర్చే బంతిపువ్వు మెక్సికోది. అక్కడ చనిపోయినవాళ్ళ పండగకు సమాధుల మీద పరిచేదీ అదే. తియ్యగుమ్మడి కూడా అమెరికా నుంచి వచ్చిందే. ఇక మనం పూవుగా మాత్రమే మిగుల్చుకున్న గునుగును నైజీరియాలో యోరుబా ప్రజలు షోకో అని పిలుస్తూ మడులు కట్టి ఆకుకూరగా పండించి బజారులో అమ్ముతారు. అంటే మన చేల గట్ల మీద కలుపుగా పీకేసేది ఇంకోచోట విత్తనం కొనుక్కుని వేసుకునే పంట. కలుపు అన్నది మొక్క గుణం కాదు, చూసేవాడి నిర్ణయం.

జానపదులకు ఈ సంగతి కవుల కంటే బాగా తెలుసనిపిస్తుంది. వినాయక చవితి నాడు మా వైపు తుమ్మికూర తినాలంటారు. ఏడాదిలో ఒక్కరోజైనా ఆ చేదు నాలుకకు తగలాలని పండగే పూచీ పడింది. తంగేడు గురించి ఒక కథ చెప్తారు. వదిన చేతిలో చనిపోయిన చెల్లెలు ఊరి బయట తంగేడు చెట్టై మొలిచి, పూలు తెంపబోయిన అన్నతో మాట్లాడుతుంది. ఆ కథలో చెట్టుకు ఒక పేరుంది, ఒక గతముంది, ఒక ఫిర్యాదు ఉంది. అక్కడ విశేషము అని తప్పించుకోవడం కుదరదు. ఎవరి చావు మీద మొలిచిందో చెప్పాల్సిందే.

మళ్ళీ పద్యం దగ్గరికి. అంతా విన్నాక అమ్మ అడిగిన ప్రశ్న ఇది: "మరి గీ ఆకులన్ని ఏరింది ఎవలు?"

నేను పద్యం మళ్ళీ చూశాను. తిన్నవాళ్ళున్నారు. మంచముంది, కుంపటుంది, దూడలున్నాయి. ఏరినవాళ్ళు లేరు. న్యాయంగా చెప్పాలంటే రాయలకు ఆడవాళ్ళ కష్టం కనిపించలేదని అనలేం. అదే వానాకాలం వర్ణనలో నిప్పు కోసం ఇల్లిల్లూ తిరిగి, తడి కట్టెలతో, పొగతో తంటాలు పడే ఇల్లాలి పద్యం కూడా ఉంది. తెలుగులో వంటింటి మీద వచ్చిన గొప్ప పద్యాల్లో అదొకటి. కాకపోతే ఆ చూపు పొయ్యి దగ్గర ఆగిపోయింది. పొయ్యి మీదికి వచ్చిన ఆకు ఏ చేలోంచి, ఎవరి ఒడిలో వచ్చిందన్నది పద్యానికి బయటే ఉండిపోయింది.

మా ఊరి వైపు దానికి జవాబు అందరికీ తెలుసు. కలుపు తీయడానికి కూలికి పోయిన ఆడవాళ్ళు. పొద్దంతా వంగి పీకిన కలుపులోంచి తినేవి వేరుచేసి, ఒడి కట్టుకుని ఇంటికి తెచ్చేవాళ్ళు. అది కూలిలో లెక్క కాదు, దానమూ కాదు. చేను గల ఆసామికి అది పనికిరానిది, వాళ్ళకు ఆ పూట కూర. ఏ ఆకు ఎప్పుడు లేత, ఏది ఉడకబెట్టి వార్చాలి, ఏది బాలింతకు పెట్టొద్దు అన్న చదువంతా ఆ ఒడిలోనే ఉండేది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో 1983 నుంచి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో పనిచేస్తున్న దళిత మహిళా సంఘాలు ఇట్లాంటి ఆకులను సాగు చేయని పంటలుగా లెక్కగట్టి, పేర్లతో సహా లోకానికి చూపించాయి. 2019లో ఆ సంఘాలకు ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. తెలుగు సాహిత్య విమర్శ చేయాల్సిన నిఘంటువు పని ఒకటి వాళ్ళు చేసిపెట్టారు. మనం దాన్ని వ్యవసాయం వార్తగా చదివి పక్కన పెట్టాం.

ఇప్పుడు నగరంలో గాలి మారింది. మర్చిపోయిన ఆకుకూరలు అని రీల్స్ వస్తున్నాయి, శుభ్రం చేసిన కట్టలు యాప్‌లో దొరుకుతున్నాయి. మంచిదే. నేనూ కొన్నాను. కానీ ఆ ప్యాకెట్ మీద రాసే "సూపర్‌ఫుడ్" అన్న మాట నాకు శాకవిశేషానికి కొత్త అవతారంలా కనిపిస్తుంది. అది కూడా ఎవరు ఏరారో చెప్పదు. మర్చిపోయిన అంటాం కదా, ఎవరు మర్చిపోయారు? తినాల్సిన అవసరం లేనివాళ్ళు మర్చిపోయారు. అవసరం ఉన్నవాళ్ళకు ఇప్పుడు దొరకడం లేదు.

ఎందుకు దొరకడం లేదో బాన్సువాడలో నిలబడితే కనిపిస్తుంది. మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయ్యాక ఈ చుట్టుపక్కల నేల తీరే మారిపోయింది. కాలువ కింద వరి వచ్చింది, చెరుకు వచ్చింది, కోస్తా నుంచి వచ్చిన రైతుల క్యాంపులు వెలిశాయి. మా పుంటికూర, వాళ్ళ గోంగూర పక్కపక్కనే ఉడికాయి. దాన్ని నష్టమని నేను అనను. మా ఇంట్లో చదువులు ఆ నీళ్ళతోనే సాగాయి. అయితే నీళ్ళు నిలిచే మడిలో గునుగు మొలవదు. దానికి మెట్ట చేను కావాలి: జొన్న, కంది, మక్క. ఆ మిగిలిన మక్కచేలలో ఇప్పుడు కలుపు మందు కొడుతున్నారు. కొట్టే రైతును తిట్టడం సులువు, కానీ ఆయన కూలి ఖర్చు లెక్క ఆయనది. ఫలితం మాత్రం ఒకటే. ఎక్కడన్నా నాలుగు మొక్కలు కనిపించినా అమ్మ తెంపదు. "మందు కొట్టిన్రో ఏమో, ఏమెరుక" అంటుంది. తినే ఆకు మీద మొదటిసారి అనుమానం పుట్టింది. మొక్క పోకముందే నమ్మకం పోయింది.

పండగకు గునుగు ఇప్పుడు కొంటున్నాం. బతుకమ్మ ముందు రోజుల్లో బజార్లో కట్టలు కట్టి పెడతారు. పువ్వు కొనుక్కోవచ్చు. ఆకు దశను కొనలేం.

ఇన్ని మాటలు రాశాక ఒకటి ఒప్పుకోవాలి. మొన్న శ్రావణంలో ఇంటికి వెళ్ళినప్పుడు పద్యంలోని కూర వండించుకుందామని, మందు పడని మా దొడ్డి వెనక జాగాలో వెతికి, గునుగు అనుకుని గుప్పెడు లేత మొక్కలు పీక్కొచ్చాను. అమ్మ వాటిని వెలుతురులోకి పట్టి చూసి నవ్వింది. "ఇది అడివి తోటకూర బిడ్డా. పూత లేకుంటే నీకు ఎరుక పట్టదా?"

పట్టలేదు. పద్యం నోటికొచ్చు, ఛందస్సు తెలుసు, లాటిన్ పేరు తెలుసు. పద్యం జరిగే కాలంలో, ఆ వానలో, ఆ మొక్క ఎదురుగా ఉంటే గుర్తుపట్టలేను.

వచ్చే తొలకరికి వారం ముందే సెలవు పెట్టాలని ఉంది. ఇంకా పూత రాని గునుగును, చుట్టూ ఉన్న తోటకూరల్లోంచి వేరుచేసి చూపించమని అమ్మను అడగాలి. ఆ తర్వాత నా పాత నోట్సు తీసి, గురుగు పక్కన రాసుకున్న మాట కొట్టేసి, అమ్మ చెప్పింది రాసుకోవాలి.