దెబ్బకో డ్రమ్ సెట్టు

న్యూయార్క్‌లో ఒక వీధి. మెగ్ వైట్ డ్రమ్ సెట్టు ముందు కూర్చుని కిక్ డ్రమ్ మీద ఒక దెబ్బ వేస్తుంది. రెండో దెబ్బ పడేసరికి ఆమె అక్కడుండదు. కాస్త అవతల ఇంకో డ్రమ్ సెట్టు ముందు ఉంటుంది. మొదటి సెట్టు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. మూడో దెబ్బకు మూడో సెట్టు. ఇలా దెబ్బదెబ్బకూ ఒకటి పుట్టుకొస్తూ అవి వీధి వెంట బారులు తీరుతాయి. జాక్ వైట్ గిటార్ మీటితే ఆంప్లిఫయర్లు కూడా అలాగే వరస కడతాయి. అమెరికన్ రాక్ జంట వైట్ స్ట్రైప్స్ 2003లో తెచ్చిన ‘ఎలిఫెంట్’ ఆల్బమ్‌లోని ‘ద హార్డెస్ట్ బటన్ టు బటన్’ పాటకు ఫ్రెంచ్ దర్శకుడు మిషెల్ గోండ్రి తీసిన వీడియో ఇది. కాలేజీ బ్యాండు కోసమో, ఫిల్మ్ స్కూల్ ప్రాజెక్టు కోసమో రాక్ పాటకు వీడియో తీయాలనుకునే విద్యార్థులు మొట్టమొదట చూడవలసింది ఇదేనని నా గట్టి నమ్మకం.

ఎందుకంటే ఇందులో ఆలోచన ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు: వినపడే ప్రతి దెబ్బా కంటికి కనపడాలి. అంతే. మిగతా గొప్పతనమంతా ఆ ఒక్క మాటను చివరిదాకా నిలబెట్టిన పనితనంలోనే ఉంది. అందుకోసం వాళ్లు తెచ్చుకున్నవి ఒకే రకం లుడ్విగ్ డ్రమ్ సెట్లు 32, ఆంప్లిఫయర్లు 32, మైక్ స్టాండ్లు 16. ఒక సెట్టు పెట్టడం, మెగ్ దాని మీద ఒక్క దెబ్బ వేయడం, కెమెరా ఆపడం, పక్కన ఇంకోటి పెట్టడం, ఆమె లేచి దాని దగ్గరికి వెళ్లి మళ్లీ ఒక్క దెబ్బ వేయడం. బొమ్మలను కొద్దికొద్దిగా కదిలిస్తూ యానిమేషన్ తీసే పద్ధతినే ఇక్కడ మనుషులతో చేశారు.

ఆ 32 అనే అంకె దగ్గర కాసేపు ఆగాలి. రాక్ పాటల్లో ఎక్కువభాగం నాలుగు దెబ్బల ఆవృత్తంలో నడుస్తాయి. ఎనిమిది ఆవృత్తాలకు 32 దెబ్బలు. ఒక సంగీత వాక్యం మొదలై ముగియడానికి సాధారణంగా సరిపోయే నిడివి అది. అంటే 32 సెట్లు చేతిలో ఉంటే ఒక వాక్యం మొత్తాన్ని వీధిలో పరిచేయొచ్చు. నాకు తోచే లెక్క ఇది. సామాను జాబితా రాసింది ప్రొడక్షన్ మేనేజరే అయినా, దాన్ని నిర్ణయించింది పాట. ఈ క్రమం విద్యార్థులు పట్టుకోవాలి. మనవాళ్లు చాలామంది ముందు లొకేషన్ చూసుకుంటారు, తర్వాత డ్రోన్ ఎవరి దగ్గరుందో వాకబు చేస్తారు, పాటలో ఎన్ని దెబ్బలున్నాయో మాత్రం ఎడిటింగ్‌లో కూర్చున్నాక లెక్కపెడతారు.

గోండ్రికి ఈ చూపు ఊరికే రాలేదు. ఆయన స్వయానా డ్రమ్మర్. 1980లలో పారిస్‌లో ఆర్ట్ స్కూలు స్నేహితులతో కలిసి ‘వుయ్ వుయ్’ అనే బ్యాండులో వాయించాడు. ఆ బ్యాండు వీడియోలూ ఆయనే చేసేవాడు. వాటిలో ఒకటి గాయని బ్యోర్క్ కంటబడింది. అలా 1993లో ‘హ్యూమన్ బిహేవియర్’ పాట వీడియో ఆయన చేతికి వచ్చింది. అంటే ఈ రంగంలో ఆయన మొదటి అర్హత పత్రం, స్నేహితులతో కలిసి వాయించిన పాటకు చేసిన వీడియోనే. ఇప్పుడు సొంత బ్యాండుకు వీడియో తీసుకుంటున్న పిల్లలు ఈ సంగతి గుర్తుంచుకోవాలని నా కోరిక.

డ్రమ్మర్ పాటను వినే తీరే వేరు. మనకు రాగమూ మాటలూ ముందు చెవిన పడితే, అతనికి ఖాళీలు వినపడతాయి. గోండ్రి తీసిన ఇంకో వీడియో చూడండి. కెమికల్ బ్రదర్స్ ఎలక్ట్రానిక్ పాట ‘స్టార్ గిటార్’కు 2002లో చేసింది. రైలు కిటికీలోంచి కనపడే స్తంభాలు, గోదాములు, వంతెనలు పాటలో ఒక్కో శబ్దానికి ఒక్కొక్కటి చొప్పున వెనక్కి సాగిపోతుంటాయి. దానికి ప్రణాళిక ఎలా వేశాడంటే, ముందు పాటను గ్రాఫు కాగితం మీద గీసుకున్నాడు. తర్వాత నారింజ పళ్లు, ఫోర్కులు, గ్లాసులు, పుస్తకాలు, క్యాసెట్లు వరసగా పేర్చి, ఏ శబ్దానికి ఏ వస్తువో సరిచూసుకున్నాడు. ఇంట్లో దొరికేవాటితోనే మొత్తం వీడియో ఒకసారి ‘తీసేశాడు’. కెమెరా సంగతి ఆ తర్వాతే. దీనికి పైసా ఖర్చు లేదు. హాస్టల్ గదిలో మంచం మీద కూడా చేయొచ్చు.

మన సినిమా డాన్స్ మాస్టర్లు కూడా పాటను బిట్లుగా విడగొట్టి కౌంట్ల మీదే నడుపుతారు. కాబట్టి లెక్క మనకు కొత్త కాదు. అక్కడ ఆ లెక్క కాళ్లకు చేరుతుంది, ఇక్కడ వస్తువులకూ, చోటుకూ, కెమెరాకూ చేరింది.

ఇదే పద్ధతిలో విద్యార్థులు ఒక వీడియో ప్లాన్ చేస్తే అసలు చిక్కు ఎక్కడొస్తుందో చూద్దాం. నిమిషానికి 120 దెబ్బల పాట అనుకోండి. సెకనుకు 24 ఫ్రేములతో తీస్తే దెబ్బకు సరిగ్గా 12 ఫ్రేములు. ఫోన్‌లో 30 ఫ్రేములు పెడితే 15. రెండూ ఫరవాలేదు. అదే 25 ఫ్రేములకు మారితే దెబ్బకు పన్నెండున్నర అవుతుంది, అర ఫ్రేమును కోయలేం. నిమిషానికి 128 దెబ్బలయితే 24 ఫ్రేముల్లో దెబ్బకు పదకొండుంపావు. అప్పుడు మూడు దెబ్బలకు పదకొండేసి, నాలుగోదానికి పన్నెండు ఇచ్చి, నాలుగింటికీ కలిపి 45 దగ్గర సరిపెట్టాలి. ఇది ముందే కాగితం మీద రాసుకోకపోతే పాట సగానికి వచ్చేసరికి బొమ్మ ఒకచోట, దెబ్బ ఒకచోట పడతాయి. చూసేవాళ్లు కారణం చెప్పలేరు గాని, ఏదో తేడాగా ఉందని మాత్రం పసిగడతారు.

ఇక సమయం. అదే 120 దెబ్బల పాట మూడు నిమిషాలుంటే మొత్తం 360 దెబ్బలు. ఒక్కో దెబ్బకు సామాను జరిపి, షాట్ తీయడానికి రెండేసి నిమిషాలు వేసుకున్నా పన్నెండు గంటలు. డిసెంబరులో మనకు పగటి వెలుతురు పదకొండు గంటలే. పైగా ఎండ జరిగేకొద్దీ నీడలూ జరుగుతాయి. ఉదయం తీసిన దెబ్బ పక్కన మధ్యాహ్నం తీసినదాన్ని అతికిస్తే నీడ ఎగిరిపడుతుంది. అందుకే ఏ చరణం ఏ పూట తీయాలో షెడ్యూల్లోనే తేల్చుకోవాలి. ట్రైపాడ్ కదలకుండా కాళ్ల మీద ఇసుక మూటలు వేయాలి. ఫోకస్, ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదలకూడదు. వస్తువు నిలబడ్డ ప్రతిచోటా సుద్దముక్కతో అంకె వేసుకోవాలి. ఒకరు మాత్రం వేరే పనేమీ పెట్టుకోకుండా, కాగితం పట్టుకుని దెబ్బలు లెక్కపెడుతూ కూర్చోవాలి. చిన్న బృందాల్లో ఈ మనిషిని పెట్టుకోరు, అక్కడే పని చెడుతుంది.

వైట్ స్ట్రైప్స్ వీడియోలో నాకు అన్నిటికన్నా నచ్చేది, పనీ పాటా ఒకే స్వభావంతో ఉండటం. బ్యాండులో ఉన్నది ఇద్దరే: ఒక గిటార్, ఒక డ్రమ్ సెట్టు. ఆల్బమ్‌లో ఎక్కువభాగం లండన్‌లోని టో ర్యాగ్ స్టూడియోలో ఎనిమిది ట్రాకుల పాత టేపు యంత్రం మీద రికార్డు చేశారు. దాచడానికి అందులో ఏమీ ఉండదు. వీడియోలోనూ అంతే. మనుషులు సామాను మోసి, పేర్చి, మళ్లీ మోశారని తెలిసిపోతూనే ఉంటుంది, అయినా ఆశ్చర్యం తగ్గదు. ఇలాంటి పాటకు పొగమంచు, స్లో మోషన్, కథ, నాయిక తగిలించి ఉంటే నిజంగా చెడిపోయేది. మీ పాట స్వభావం ఏమిటో ముందు తేల్చుకోండి. తడబడే పాటకు తడబడే బొమ్మలు కావాలి, ఉరికే పాటకు ఉరికే బొమ్మలు.

32 డ్రమ్ సెట్లు ఎక్కడ తెస్తామని అడిగేవాళ్లుంటారు. కాలేజీ ఆడిటోరియంలో ఒకే రకం ప్లాస్టిక్ కుర్చీలు వందల్లో ఉంటాయి. ల్యాబులో స్టూళ్లుంటాయి, క్యాంటీన్‌లో నీళ్ల క్యాన్లుంటాయి. కావలసింది ఒకే రకంగా ఉండి, చాలా సంఖ్యలో దొరికే వస్తువు. ఈ ఆదివారం మీ బ్యాండు పాట పెట్టుకుని, గ్రాఫు కాగితం ముందేసుకుని దెబ్బకో గడి నింపండి. ఆ కాగితం పూర్తయ్యేదాకా కెమెరా అద్దెకు తేవద్దు.