అనురాధపురం బోధివృక్షం: ఆరాధనలో ఇమిడిన వృక్షరక్షణ

శ్రీలంకలోని అనురాధపురంలో, మహామేఘవనంగా పేరొందిన ప్రాచీన ఉద్యానంలో, జయశ్రీ మహాబోధి అనే రావిచెట్టు నేటికీ పూజలందుకుంటున్నది. బుద్ధగయ బోధివృక్షపు దక్షిణ శాఖను అశోకుని కుమార్తె సంఘమిత్ర క్రీ.పూ. 3వ శతాబ్దిలో సముద్రం దాటించి తీసుకురాగా, లంక రాజు దేవానాంపియ తిస్సుడు దానిని ఇక్కడ ప్రతిష్ఠించాడని సింహళ చరిత్ర గ్రంథమైన ‘మహావంశం’ చెబుతున్నది. మనుషులు నాటిన చెట్లలో, నాటిన కాలం తెలిసినవాటిలో, ఇదే అతిప్రాచీనమని ప్రసిద్ధి. రావి స్వతహాగా దీర్ఘాయువు గల జాతే అయినా, ఒక చెట్టు రెండువేల ఏళ్ళకు పైగా ఒకేచోట నిలవడానికి తరతరాల సంరక్షణే ప్రధాన కారణం.

ఆ సంరక్షణ నేలతో మొదలవుతుంది. చెట్టు ఎత్తైన మట్టి వేదికపై ఉండటం వల్ల వాననీరు మొదలు దగ్గర నిలవదు. భక్తులు దిగువ ప్రాంగణాలలోనే ఆగిపోతారు కనుక వేళ్ళ చుట్టూ ఉన్న మట్టి వారి పాదాల ఒత్తిడికి గట్టిపడదు. వాలిన కొమ్మలకు బంగారు రంగు ఊతకర్రలు ఆధారమిస్తాయి. చుట్టూ పెంచిన ఇతర బోధివృక్షాలను ‘పరివార బోధి’ అంటారు. ఇవి గాలివానల తాకిడిని ముందుగా తాము భరించి మూలవృక్షాన్ని కాపాడతాయి. అయినా 1907లోనూ 1911లోనూ వచ్చిన తుఫానులకు రెండు కొమ్మలు విరిగాయి. అడవి ఏనుగుల బెడద నుంచి రక్షణగా 18వ శతాబ్దిలో, కీర్తిశ్రీ రాజసింహుడనే రాజు కాలంలో, ప్రాకారం కట్టారు.

భిక్షువులు మొక్కలకు హాని చేయరాదని బౌద్ధ సంఘపు వినయ నియమాలు శాసిస్తాయి. ఆ నియమం వల్ల చికిత్స ఆగిపోకుండా, బుద్ధఘోషుని పేరిట ఉన్న ‘సమ్మోహవినోదని’ అనే 5వ శతాబ్ది వ్యాఖ్యానం స్పష్టమైన మినహాయింపులు ఇచ్చింది. స్తూపానికి అడ్డువచ్చే కొమ్మను, చెట్టు సారాన్ని హరించే కొమ్మను, కుళ్ళిన భాగాన్ని తొలగించవచ్చుననీ, అది బుద్ధుని శరీరానికి చేసే సేవ వంటి పుణ్యకార్యమనీ ఆ గ్రంథం భావిస్తుంది. వృక్షాన్ని పూజ్యమైన దేహంగా చూసిన దృష్టే దానికి వైద్యం చేసే అధికారాన్నీ కల్పించిందన్నమాట.

ఒక్క చెట్టునే నమ్ముకోకుండా వంశాన్ని నిలపడం ఈ సంప్రదాయంలోని మరో మెలకువ. అశోకుడు శాఖపై మణిశిలతో గీత గీయగా, ఆ కొమ్మ వేళ్ళు తొడిగి బంగారు పాత్రలో నిలిచిందని ‘మహావంశం’ మహిమగా వర్ణించిన ఘట్టం, కొమ్మకు వేళ్ళు పుట్టించి వేరుచేసే నేటి గాలి అంటు పద్ధతిని తలపిస్తుంది. అనురాధపుర వృక్షపు తొలి మొక్కలను ద్వీపమంతటా నాటించారని కూడా ఆ గ్రంథం పేర్కొంటుంది. ఈ ముందుచూపు విలువను బుద్ధగయ చరిత్రే నిరూపిస్తుంది: అక్కడి వృక్షం 1876లో గాలివానకు కూలిపోగా, 1881లో పురావస్తు శాస్త్రవేత్త అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ నాటించిన చెట్టే నేడు అక్కడ ఉన్నది.

తెలుగు నేలకూ ఈ సంప్రదాయంతో సంబంధం ఉంది. అమరావతి శిల్పాలలో బోధివృక్షమూ దాని కింది ఆసనమూ బుద్ధునికి ప్రతీకలు. బోధివృక్షం చుట్టూ, నడుమ ఆకాశానికి తెరిచి ఉండేలా కట్టే ఆలయాన్ని బోధిఘరం అంటారు. 3వ శతాబ్దికి చెందిన నాగార్జునకొండ శాసనంలో, ఇక్ష్వాకుల కాలపు ఉపాసిక బోధిసిరి అక్కడి సింహళ విహారంలో బోధివృక్ష ప్రాసాదాన్ని కట్టించిన ప్రస్తావన ఉంది.

భక్తి ఎప్పుడూ చెట్టుకు మేలే చేస్తుందని చెప్పలేము. మొదలు దగ్గర పోసే పాలు, కాండానికి ఆనించి వెలిగించే దీపాలు, మొదలును బిగించే సిమెంటు అరుగులు చెట్టును క్రమంగా బలహీనపరుస్తాయి. మన ఊళ్ళలోని గుడి రావిచెట్లకూ ఈ ప్రమాదం ఉంది కనుక, మొదలు చుట్టూ మట్టిని తెరిచి ఉంచడం, దీపాలను దూరంగా వెలిగించడం, ప్రతి ముసలి చెట్టు నుంచి ఒక మొక్కను సమీపంలో పెంచడం ఆలయ నిర్వాహకులు తమ నిత్యకైంకర్యాలలో భాగం చేసుకోవాలి.