బీభత్సకథలును జుగుప్సాశ్రయమును

ఆంగ్లభాషలో 1980వ దశకమునుండి యొకజాతి కథలును నవలలును విరివిగా వెలువడుచున్నవి. డేవిడ్ షౌ అను రచయిత 1986లో వీనికి స్ప్లాటర్‌పంక్ అని పేరు పెట్టెను. నేఁడు చదువరులు వీనిని అతిభయానకము లని వ్యవహరించుచున్నారు. వీనియందు దయ్యము తెరచాటున నుండదు. మూసిన తలుపు వెనుక నేమి జరిగెనో యూహించుకొను శ్రమ పాఠకునకు మిగులదు. అంగచ్ఛేదమును, చిత్రహింసయు, కుళ్లును ఉన్న దున్నట్లుగా, ఒక్కొక్కప్పుడు పుటలకొలఁది, వర్ణింపఁబడును. పేరు భయానకమే యైనను ఇందలి ప్రధానస్థాయి భయము కాదు, జుగుప్స. కావున భారతీయాలంకారికుల లెక్కలో నివి బీభత్సరసమునకుఁ జెందినవి. ఇట్టివానిని చదివి మెచ్చుకొనుట సహృదయత యగునా, చిత్తరోగ మగునా యను వాద మొకటి యెడతెగక సాగుచున్నది. ఉభయపక్షములవారును గ్రంథమున నెత్తు రెంత యున్నదని కొలుచుచున్నారే గాని, ఆ నెత్తురును జూచి వెనుకకు మరలువాఁ డెవఁడని యడుగుట లేదు.

ఈ ప్రశ్నకు వ్యాకరణము కొంత దారి చూపఁగలదు. జుగుప్సాశబ్దము గోపనార్థకమగు గుపధాతువుపై నిందార్థమున సన్‌ప్రత్యయము రాఁగా నేర్పడినది. బీభత్సశబ్దము బంధనార్థకమగు బధధాతువుపై చిత్తవికారార్థమున నా ప్రత్యయమే రాఁగా నేర్పడినది. ఒకదాని మొదట దాఁచుటయు, ఒకదాని మొదటఁ గట్టివేయుటయు నున్నవి. రూఢిశబ్దముల ధాత్వర్థమును పట్టుకొని సిద్ధాంతములు నిర్మించుట పండితులకుఁ దగినపని కాదు. ఐనను, చూడరాదని తల త్రిప్పుకొనుటయు, త్రిప్పుకొనలేక చూచుటయు నొక్క మనఃస్థితికే రెండు కొసలని యీ జంట తలపునకుఁ దెచ్చుచున్నది.

ఇంతకంటెఁ బ్రయోజనకరమైన విషయము కారకప్రకరణమున నున్నది. సంస్కృతమున అధర్మమునుండి జుగుప్సించుచున్నాఁ డని చెప్పునప్పుడు పంచమీవిభక్తి వచ్చును. చెట్టునుండి యాకు రాలినప్పుడు విశ్లేషము కంటికిఁ గానవచ్చును. ఇచట నట్లు కానరాదు. అందుచేతఁ గాత్యాయనుఁడు దీనికై వేఱుగా వార్తికము రచించెను. పతంజలి యది యక్కఱలేదనెను. వివేకియైన మనుష్యుఁడు బుద్ధిచేత నా వస్తువును ముందుగాఁ జేరును. చేరి, దానితోఁ దనకుఁ బనిలేదని తెలిసికొని మరలును. ఆ మరలుటయే విశ్లేషమని భాష్యకారుని సమాధానము. సూత్రమునకు వెలుపలి కేగకుండ విభక్తిని సాధించుటకై చెప్పఁబడిన యీ మాట రసమీమాంసకునకుఁ బెన్నిధి వంటిది. చేరనివానికి జుగుప్స లేదు. చేరి మరలనివానికిని లేదు. దూరమునుండియే ముక్కు మూసికొని గ్రంథమును నిందించువాఁడు మొదటివాఁడు. ఇంకను గావలెనని పుటలు త్రిప్పువాఁడు రెండవవాఁడు.

మఱి మరలువాఁడు కావ్యములో నుండునా, వెలుపల నుండునా? ఈ చిక్కును 17వ శతాబ్దమునఁ దెలుఁగువాఁడగు జగన్నాథపండితరాయలు రసగంగాధరమున నెత్తి చూపెను. రతిక్రోధాదులయం దాలంబనమును ఆశ్రయమును రెండును గానవచ్చును. హాసజుగుప్సలయం దాలంబనము మాత్రమే కానవచ్చును. ఆయన యుదాహరణమున బేతాళస్త్రీలు శవముల చీమునెత్తురులను మొగములకుఁ బూసికొనుచున్నారు. వారు సంతసించుచున్నారే గాని రోయుట లేదు. ఆ రోఁత యెవరిది? చూచుచున్న పురుషుఁ డొకఁ డున్నట్లు ఆక్షేపించుకొనవలె నని యొక సమాధానము. అట్లాక్షేపింపకున్నను, తన కాంతనే వర్ణించు పద్యమును వినువానికి రసోద్బోధము కలిగినట్లు, ఇచట శ్రోతయే యాశ్రయమగుటకు బాధకము లేదని రెండవ సమాధానము.

చూచువాఁడు కావ్యములోనే యున్నచో వాని స్వభావమును బట్టి రసము మాఱును. మాలతీమాధవము పంచమాంకమున శ్మశానమునఁ బ్రేతము శవమును దినుచుండుటను జూచువాఁడు మాధవుఁడు. ఆ శ్లోకమునే మమ్మటుఁడు బీభత్సమున కుదాహరించెను. కాని మాధవుఁడు ప్రియురాలి కొఱకు నరమాంసము నమ్మవచ్చిన సాహసి. అంతలో బలి కానున్న మాలతి యాక్రందనము వినవచ్చును. జుగుప్స కొలఁది శ్లోకములలో వీరమునకుఁ జోటిచ్చి తొలఁగును. తిక్కన స్త్రీపర్వమున రణభూమిని దివ్యదృష్టితోఁ జూచునది గాంధారి. నక్కలును గ్రద్దలును అక్కడను గలవు. చూచునది తల్లి గావున నంతయుఁ గరుణమునకు లోఁబడినది. ప్రాచీనులు బీభత్సమును తఱచుగా నిట్లు మఱియొక రసమున కంగముగాఁ జేసిరి. నేఁటి నవలాకారులు దానినే యంగిగాఁ జేయఁబూనిరి. పూనిక సామాన్యమైనది కాదు.

బ్రెట్ ఈస్టన్ ఎల్లిస్ రచించిన అమెరికన్ సైకో రెండవ సమాధానమునకు లక్ష్యము. దీనిని ప్రకటింప నొప్పుకొన్న సంస్థ 1990లో వెనుదీయఁగా 1991లో వింటేజ్ సంస్థ ప్రకటించెను. ఆస్ట్రేలియాలో దీనిని బైనొక పొరకప్పి, 18 ఏండ్లు నిండినవారికి మాత్రమే విక్రయించిరి. కథ చెప్పువాఁడు న్యూయార్కు ధనవ్యాపారి యగు పాట్రిక్ బేట్‌మన్. వాఁడు తోడివారి దుస్తులను, వానిని గుట్టినవారి పేళ్లను, పాటల సంపుటములను ఏ స్వరముతో వర్ణించునో, నరకుటను, చంపుటను గూడ నా స్వరముతోనే వర్ణించును. వానిలో జుగుప్స లేదు. కావున వాఁ డాశ్రయము కాఁడు. చుట్టునున్నవా రెవరును వినిపించుకొనరు. వినువాఁడు పాఠకుఁ డొక్కఁడే మిగిలినాఁడు. పేళ్లపట్టికలవలన విసువుపుట్టి యజాగ్రత్తగాఁ జదువుచున్న మనస్సు హింసావర్ణనమును గూడ నదే తీరునఁ జేరి, ఉలికిపడి మరలును. ఆ పట్టికలు వ్యర్థములని విమర్శించినవారు గ్రంథము వెన్నెముకను వ్యర్థమనిరి. ఐనను దోషము లేకపోలేదు. పరిపోషము నొందిన రసమును మాటిమాటికిఁ బ్రజ్వలింపఁజేయుట విరోధమని, మాటిమాటికిఁ దాఁకిన పూవువలె నది వాడునని యానందవర్ధనుఁడు హెచ్చరించెను. ఈ నవలయందు నాలవ యైదవ హత్యల కడకు వచ్చునప్పటికిఁ బాఠకుఁడు చేరుటయే మానును. చేరనివానికి మరలుట యెక్కడిది?

ఇంతకంటెఁ దక్కువరకము గ్రంథములు పెక్కులు గలవు. వానిలోఁ జూచువాఁడును లేఁడు, పాఠకుని మనస్సును జేరఁదీయు నుపాయమును లేదు. ఇదివఱకెవ్వరును వ్రాయని ఘోరమును వ్రాయవలెనను పంతము మాత్ర మున్నది. వానిని జదివి మెచ్చువారు తమ ఓర్పును మెచ్చుకొనుచున్నారు. మిరపకాయలు తినుపందెమున గెలిచినవాఁడు కూర రుచి చెప్పలేఁడు. అట్టిచోటఁ బుట్టునది రచయిత తెగువను గూర్చిన విస్మయము. దానిని బీభత్సరస మనుట పేరుల తాఱుమాఱు. ఇవి చదువువారిని హంతకులుగాఁ జేయునని బెదరించుటకు మాత్రము కారణము కనఁబడదు. రసదోషమునకు రసశాస్త్రమునందే శిక్ష యున్నది.

మొదటి సమాధానమునకు లక్ష్యము జాక్ కెచమ్ 1989లోఁ బ్రకటించిన ది గర్ల్ నెక్స్ట్ డోర్. 1965లో ఇండియానాపోలిస్ నగరమున నొక బాలికకు నిజముగాఁ బట్టిన దుర్గతి దీనికి మూలము. నవలలోఁ గథ 1958కి జరుపఁబడినది. తల్లిదండ్రులు లేని మెగ్ అను బాలిక రూత్ అను స్త్రీ యింట చెల్లెలితోఁగూడఁ దలదాఁచుకొనును. రూత్ తన కొడుకులను, ఇరుగుపొరుగు పిల్లలను జేర్చుకొని, ఇంటి నేలమాళిగలో నా బాలికను హింసించును. కథ చెప్పువాఁడు పొరుగింటి డేవిడ్. అతఁడు పెద్దవాఁడై, నాఁడు చూచినదానిని జెప్పుచున్నాఁడు. జగన్నాథుఁ డూహించుకొమ్మన్న ద్రష్టను కెచమ్ గ్రంథమునఁ బేరు పెట్టి నిలిపెను. కాని యీ ద్రష్ట మాధవుఁడు కాఁడు. ఆ బాలికపైఁ గొంత మక్కువ గలవాఁడు, మొదట నొక పాలు కుతూహలముతోఁ జూచినవాఁడు, పెద్దదియైన స్త్రీ యనుమతి యున్నది గదా యని యూరకున్నవాఁడు. బుద్ధిచేతఁ జేరినాఁడు, మరలవలసిన దినమున మరలలేదు. తుదకుఁ దప్పింపఁ జూచును గాని యప్పటికి సమయము మించినది.

ఇందువలన నీ నవలయందు జుగుప్సకు రెం డాలంబనము లేర్పడినవి. మాళిగలోని హింస యొకటి; దానినిఁ జూచుట రెండవది. పాఠకుఁడును జూచుచునే యున్నాఁడు గావున రెండవదానినుండి తాను దప్పించుకొనలేఁడు. భరతుఁడు నెత్తురు మొదలగువానివలనఁ బుట్టిన క్షోభజమును, పురుగులు మొదలగువానివలనఁ బుట్టిన యుద్వేగిని జెప్పెను. చూచుటవలనఁ బుట్టు నీ రోఁత యా రెంటిలో దేనియందును సరిగా నిముడదు.

నవల చివరిభాగమున నొక యధ్యాయము కొన్ని పంక్తులే. అక్కడికి ముందు నేదియు దాఁపక చెప్పుచు వచ్చిన కథకుఁడు, మాళిగలో నాఁడు జరిగిన పనిని మాత్రము చెప్పనని నిరాకరించును. ఈ జాతి గ్రంథములను ఘోరముల లెక్కతోఁ గొలుచు కొందఱు చదువరు లీ యధ్యాయమును లోపముగా నెన్నుదురు. గుపధాతువునకు గోపన మర్థమని యెఱిఁగినవాఁ డట్లనఁడు. పెక్కేండ్లు దాఁటిన తరువాత డేవిడ్ మరలిన తావు అది యొక్కటే.