‘లేదు’ అని రాయమనకండి

ఈ వారం నాకు ఒళ్ళు మండించింది ఒక ఉచిత సలహా. కానిస్టేబుల్‌గా ఎంపికైన మా వీధి కుర్రాడు అటెస్టేషన్ ఫారం పట్టుకొచ్చాడు. మీపై ఎప్పుడైనా క్రిమినల్ కేసు నమోదైందా అన్న గడి ఖాళీగా ఉంది. "లేదని రాసెయ్యమంటున్నారండీ బాబాయ్ గారూ, ఎవరూ చూడరంట" అన్నాడు.

డిగ్రీ చదివే రోజుల్లో సంక్రాంతి బరిలో కోడిని వదులుతూ దొరికాడు. కోర్టులో నేరం ఒప్పుకుని, జరిమానా కట్టి వచ్చేశాడు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలో మొదటి తప్పుకి జరిమానా 10 నుంచి 50 రూపాయలే. ఎంత కట్టినా కాగితం మీద అది శిక్షే. అప్పటికి పద్దెనిమిది నిండాయి కాబట్టి బాలల చట్టం రక్షణా లేదు. బరులు వేయించే పెద్దల్ని వదిలి కుర్రాళ్ళని పట్టుకోవడమేంటని ప్రతి జనవరిలోనూ ఇక్కడ రాస్తూనే ఉన్నాను. ఇలాంటి కేసుల ఊసు ఉద్యోగాల దగ్గర ఎత్తనే కూడదని ఈసారి రాద్దామని కూర్చున్నాను.

కూర్చున్నాక, చిన్నప్పుడు తణుకు కోర్టు దగ్గర చూసిన ప్లీడరు గుమాస్తా ఒకాయన గుర్తొచ్చారు. అర్జీకి వచ్చినవాడు ఏడుపుతో మొదలెడితే ఆయన కలం మూత తీసేవారు కాదు. "ముందు తారీఖు చెప్పు, కేసు నంబరు చెప్పు. నీకు ఎదురొచ్చే సంగతి మొదటి పేరాలో నువ్వే రాయాలి. అవతలోడు బయటపెడితే దాని రంగు మారిపోద్ది" అనేవారు. పేదవాణ్ణి, దయ తలచండి లాంటి మాటలు కొట్టేసేవారు. తీర్పు నకలు లేందే అర్జీ రాసేవారు కాదు.

2016 జూలై 21న అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినదీ ఆ దారిలోదే. ఉద్యోగానికి వచ్చినవాడు తన కేసుల గురించి ఇచ్చే సమాచారం నిజమై ఉండాలి. కుర్రతనపు చిన్న నేరాన్ని దాచినా అధికారి తన విచక్షణతో మన్నించవచ్చు. అంతా నిజం చెప్పినా ఉద్యోగం ఇచ్చి తీరాలని మాత్రం లేదు. ఈ చివరి మాట నాకు ఇన్నాళ్ళూ మింగుడుపడలేదు. ఇప్పుడు సబబే అనిపిస్తోంది. రేపు అదే బరి మీదికి లాఠీతో వెళ్ళాల్సినవాడి గతం అడగాల్సిందే. అడిగాక, నేరం ఎంతటిది, అప్పటి వయసెంత, ఆ తర్వాత నడవడి ఏమిటి అని తూచి, కాదంటే కారణం రాయాలి. తూచకుండా తోసిపుచ్చితే హైకోర్టులో రిట్ వేయొచ్చు. దాచినవాడికి అక్కడ కాలు నిలవడం కష్టం.

కుర్రాడు ఉన్నదంతా రాశాడు. మీ ఇంటికీ ఇలాంటి ఫారం వస్తే ‘లేదు’ అని రాయమనకండి. తీర్పు సర్టిఫైడ్ కాపీ తెచ్చి జతచేయమనండి.