పి-విలువల మేళనం ఏ ప్రశ్నకు సమాధానం?: జన్యు వ్యక్తీకరణ అధ్యయనాల మెటా విశ్లేషణపై ఒక విమర్శ

ప్రోస్టేట్ క్యాన్సర్ కణజాలంలో ఏ జన్యువుల వ్యక్తీకరణ మారుతుందన్న విషయంపై వేర్వేరు ప్రయోగశాలలు వెలువరించిన నాలుగు మైక్రోఅర్రే అధ్యయనాలను 2002లో మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన రోడ్స్, చిన్నయ్యన్ బృందం ఒకచోట చేర్చింది. ప్రతి జన్యువుకూ ఒక్కొక్క అధ్యయనంలో లభించిన పి-విలువలను ఫిషర్ మార్గంలో కలిపి, పాలిఅమైన్, ప్యూరిన్ జీవసంశ్లేషణ మార్గాలు ఈ వ్యాధిలో అదుపు తప్పుతున్నాయని ఆ వ్యాసం సూచించింది. ఈ రంగంలో తరువాత జరిగిన కృషికి అది ఒరవడి అయింది. అయితే దాని శీర్షికలో అధ్యయనాల మధ్య 'ధ్రువీకరణ' అనే అర్థమిచ్చే మాట ఒకటి ఉంది. పి-విలువలను కలపడం వల్ల నిజంగా ధ్రువపడేది ఏమిటన్నది పరిశీలించవలసిన విషయం.

ఫిషర్ పద్ధతిలో పి-విలువల సహజ సంవర్గమానాలను కూడి −2తో గుణిస్తారు. అన్ని అధ్యయనాలలోనూ శూన్య పరికల్పన నిజమైతే ఆ మొత్తం కై-వర్గ విభాజనాన్ని అనుసరిస్తుంది. స్వాతంత్ర్య పరిమాణం అధ్యయనాల సంఖ్యకు రెట్టింపు. ఇక్కడ తిరస్కరణకు గురయ్యేది 'ఏ అధ్యయనంలోనూ తేడా లేదు' అన్న ప్రతిపాదన మాత్రమే. అంటే కనీసం ఒక్కచోట తేడా ఉన్నదని తేలుతుంది తప్ప, అన్నిచోట్లా ఉన్నదని తేలదు. ఒక జన్యువుకు మొదటి అధ్యయనంలో పి-విలువ 0.000001, మిగిలిన మూడింటిలో 0.5 చొప్పున వచ్చాయనుకుంటే, ఆ మూడూ ఏమీ చెప్పడం లేదని ఎవరైనా ఒప్పుకుంటారు. అయినా ఫిషర్ మొత్తం 31.8, సమ్మిళిత పి-విలువ సుమారు 0.0001. పదివేల జన్యువులలో అంతకంటె చిన్న విలువలు మరో ఇరవై జన్యువులకు ఉంటే చాలు, బెంజమినీ-హాక్‌బర్గ్ సవరణ 5 శాతం హద్దులో ఈ జన్యువును కూడా జాబితాలోకి రానిస్తుంది. నాలుగు అధ్యయనాలు సమర్థించిన జన్యువుగా అది పట్టికకెక్కుతుంది. దాని మీద ఒక పరిశోధక విద్యార్థి రెండేళ్ల ప్రయోగశాల శ్రమ ఆధారపడవచ్చు.

దిశ సంగతి ఇంకా సున్నితమైనది. ఆర్ భాషలోని లిమ్మా ప్యాకేజీ ఫలితాల పట్టికలో ఇచ్చేవి ద్విపార్శ్వ పి-విలువలు. ఒక అధ్యయనంలో జన్యు వ్యక్తీకరణ పెరిగి, మరొకదానిలో తగ్గి, రెండుచోట్లా పి-విలువ 0.01 అయితే, వాటిని యథాతథంగా ఫిషర్ సూత్రంలో వేసినప్పుడు 0.001 వస్తుంది. పరస్పర విరుద్ధమైన రెండు సాక్ష్యాలు బలమైన ఏకాభిప్రాయంగా కనిపిస్తాయి. గుర్తును నిలుపుకొనే స్టౌఫర్ పద్ధతిలో అవే విలువలు, సమాన భారంతో, ఒకదానినొకటి రద్దు చేసుకుని సున్నా అవుతాయి. సాఫ్ట్‌వేర్ రెండు లెక్కలనూ తప్పు లేకుండానే చేస్తుంది.

చోయ్ బృందం 2003లో ప్రతిపాదించిన మార్గం ఈ లోపాన్ని చాలావరకు తొలగిస్తుంది. అది పి-విలువలకు బదులు ప్రభావ పరిమాణాలను, అంటే ప్రామాణీకరించిన సగటుల తేడాలను, యాదృచ్ఛిక ప్రభావ నమూనాలో కలుపుతుంది. బయోకండక్టర్‌లోని జీన్‌మెటా దానినే అమలు చేస్తుంది. దిశ నిలుస్తుంది, అధ్యయనాల మధ్య వైవిధ్యమూ లెక్కకు వస్తుంది. కానీ నాలుగు అధ్యయనాల నుంచి వైవిధ్యాన్ని అంచనా వేయడమంటే మూడు స్వాతంత్ర్య పరిమాణాలతో అంచనా వేయడమే. డెర్‌సిమోనియన్-లెయర్డ్ సూత్రంలో రుణ విలువ వచ్చినప్పుడు దానిని సున్నాగా తీసుకుంటారు. ఆ జన్యువులకు యాదృచ్ఛిక నమూనా చడీచప్పుడు లేకుండా స్థిర నమూనాగా మారిపోతుంది. మెటాఫర్ ప్యాకేజీ సహజంగా ఎంచుకునే పద్ధతి వేరు, పరిమిత గరిష్ఠ సంభావ్యత. వేల జన్యువులపై దానిని వరుసగా నడిపినప్పుడు కొన్నిచోట్ల గణన అభిసరించదు. దోషాన్ని దాటవేసే ఆదేశం రాసుకున్నవారి పట్టికలో ఆ జన్యువులు కనబడవు, ఎన్ని పోయాయన్న లెక్కా ఉండదు. పైగా ప్రామాణీకరణలో హారం ఆ ప్రయోగశాలలోని విచలనమే కనుక, కొలత ముతకగా ఉన్నచోట అదే జీవశాస్త్ర మార్పు చిన్నదిగా కనిపిస్తుంది. వైవిధ్యమని పిలిచేదానిలో కొంత కణానిది కాదు, పరికరానిది.

కలపడానికి ముందే జరిగే పొరపాట్లూ ఉన్నాయి. ఒక జన్యువుకు పలు ప్రోబులు ఉన్నప్పుడు అతి చిన్న పి-విలువ గలదానిని ఎంచుకోవడం ఫలితాన్ని ముందుగానే పెంచడమే. ఒకే రోగుల నమూనాలు జియో భాండాగారంలో రెండు వేర్వేరు సంఖ్యల కింద ఉంటే, స్వతంత్రమన్న ఊహ అక్కడే కూలుతుంది.

మూల దత్తాంశాలనే ఒక్క మాత్రికగా చేర్చి, కాంబాట్ వంటి పద్ధతితో బ్యాచ్ ప్రభావాన్ని తీసివేయడం మరో మార్గం. దాని హద్దును గ్రహించడానికి 2007 నాటి స్పీల్‌మన్ బృందం వ్యాసంపై జరిగిన చర్చ చదవాలి. యూరోపియన్, ఆసియా మూలాల వారి మధ్య 4,197 జన్యువులలో 1,097 భేదిస్తున్నాయని ఆ వ్యాసం ప్రకటించింది. అయితే యూరోపియన్ నమూనాలను ప్రధానంగా 2003–2004లో, ఆసియా నమూనాలను 2005–2006లో పరీక్షించారని ఏకీ బృందం అదే ఏడాది ఎత్తిచూపింది. సమూహమూ సంవత్సరమూ అలా కలిసిపోయినచోట ఏ సవరణా వాటిని విడదీయలేదు. పాక్షికంగా కలిసినచోట కూడా, సవరించిన దత్తాంశాన్ని సవరణే జరగనట్టు పరీక్షిస్తే లేని నమ్మకం పుడుతుందని నైగార్డ్, రోడ్‌లాండ్, హోవిగ్ 2016లో చూపారు.

మెటా విశ్లేషణ వ్యాసాలలో సాధారణంగా సమ్మిళిత విలువల పట్టిక ఒక్కటే అచ్చవుతుంది. ప్రతి జన్యువుకూ అధ్యయనాల వారీగా ప్రభావ పరిమాణం, విశ్వాస అంతరం ఇవ్వడానికి, ఒక్కొక్క అధ్యయనాన్ని తప్పించి తిరిగి గణించడానికి కావలసింది ఆర్‌లో మరికొన్ని పంక్తులే. పైన చెప్పిన జన్యువు విషయంలో మొదటి అధ్యయనాన్ని తప్పిస్తే, మిగిలిన మూడింటి సమ్మిళిత పి-విలువ 0.66 దరిదాపుల్లో ఉంటుంది.