యజమాని లేని ఊరు: 'బ్రిక్' చిత్రం, హామెట్ వారసత్వం

తక్కువ ఖర్చుతో తీసిన చిత్రం అనే మాటను మన విమర్శలో రెండు రకాలుగా వాడుతున్నారు. కొందరు లోపాలను మన్నించమని జాలిగా అంటారు. మరికొందరు ఖర్చు తగ్గితే నిజాయితీ దానంతటదే పెరుగుతుందన్నట్లు మెచ్చుకోలుగా అంటారు. ఈ రెండు ధోరణులూ చిత్రాన్ని చూడకుండా తప్పించుకునే మార్గాలే. అమెరికన్ దర్శకుడు రయన్ జాన్సన్ తన మొదటి చిత్రంగా తీసిన 'బ్రిక్' (2005) మీద వచ్చిన పొగడ్తల్లో ఈ రెండో ధోరణి బాగా కనిపిస్తుంది. ఆ చిత్రం బలం చాలావరకు దాని పేదరికం లోంచే పుట్టిందని నేనూ ఒప్పుకుంటాను. దాని బలహీనత మాత్రం ఎన్ని కోట్లు పోసినా తీరేది కాదు.

జాన్సన్ ఈ కథను 1990ల చివర రాసుకున్నాడు. పెట్టుబడి పెట్టేవాడు దొరక్క ఏళ్ళ తరబడి తిరిగి, చివరికి బంధుమిత్రుల దగ్గర పోగుచేసిన సుమారు 4,50,000 డాలర్లతో, కాలిఫోర్నియాలోని సాన్ క్లెమెంటేలో తాను చదువుకున్న హైస్కూలులోనే షూటింగు జరిపాడు. ఎడిటింగు ఇంట్లో కంప్యూటరు మీద చేసుకున్నాడు. 2005లో సన్‌డాన్స్ ఉత్సవంలో స్వతంత్రమైన చూపుకు గాను జ్యూరీ ప్రత్యేక బహుమతి వచ్చింది.

కథ ఇది. బ్రెండన్ హైస్కూలు విద్యార్థి, ఒంటరివాడు. అతణ్ణి వదిలి వెళ్ళిన ఎమిలీ అనే అమ్మాయి ఒకరోజు ఫోన్ చేసి, భయంతో అర్థం కాని నాలుగు మాటలు చెప్పి పెట్టేస్తుంది. రెండు రోజులకు ఊరి మురుగునీటి సొరంగం ముందు ఆమె శవం కనిపిస్తుంది. పోలీసులకు చెప్పకుండా శవాన్ని సొరంగం లోపల దాచి, హంతకుణ్ణి తానే పట్టుకోవాలని బ్రెండన్ బయలుదేరతాడు. దారిలో తగిలేవాళ్ళు: తల్లి ఇంటి నేలమాళిగలో కూర్చొని హెరాయిన్ వ్యాపారం నడిపే 'పిన్' అనే కుంటి యువకుడు, అతని దగ్గర కొట్లాటలకు పనికివచ్చే టగ్, సంపన్నుల పిల్ల లారా, సమాచారం మోసుకొచ్చే 'బ్రెయిన్'. పేరులోని ఇటుక హెరాయిన్ దిమ్మ. అందులో ఒకటి మాయమవడమే హత్యకు మూలం.

డబ్బు లేకపోవడం ఈ చిత్రానికి ఎలా మేలు చేసిందో ఒక్క ఉదాహరణ చాలు. కత్తి పట్టుకున్న ఒకడు బ్రెండన్‌ను బడి ఆవరణలో తరుముతాడు. కార్లు లేవు, పేలుళ్ళు లేవు. పొడుగాటి సిమెంటు నడవలు, రెండు జతల బూట్ల చప్పుడు, అంతే. బ్రెండన్ ఉన్నట్టుండి బూట్లు విప్పేస్తాడు. ఒక చప్పుడు ఆగిపోతుంది. మనం ఊపిరి బిగబట్టి రెండో చప్పుడు వింటూ ఉండగా, మలుపులో కాలు అడ్డం పెడితే తరుముతున్నవాడు వెళ్ళి స్తంభానికి గుద్దుకుంటాడు. లక్షలు పోసి తీసిన తరుములాటలు ఎన్నో మరిచిపోయాను గాని, ఈ చప్పుడు నా చెవిలో ఉండిపోయింది. దర్శకుడి దగ్గరి బంధువైన నాథన్ జాన్సన్ ఈ చిత్రానికి సంగీతం సమకూర్చేటప్పుడు వంటింటి సామాన్లు, ఇనుప బీరువాలు కూడా వాయించాడు. ఆ కీచుదనం ఖాళీ బడికి అతికినట్టు సరిపోయింది. 1945లో ఎడ్గార్ ఉల్మర్ 'డీటూర్' తీసినప్పుడు న్యూయార్కు వీధి సెట్టుకు డబ్బు లేక పొగమంచుతో కప్పేశాడు. ఆ పొగమంచే కథ మనఃస్థితి అయి కూర్చుంది. అలాంటి పని ఇది.

ఇంకో మంచి సన్నివేశం ఉంది. టగ్ చేతుల్లో చితికిన బ్రెండన్‌ను పిన్ ఇంటికి తెస్తారు. ఆ ముఠా నాయకుడి తల్లి నవ్వుముఖంతో ఫ్రిజ్ వెతికి అందరికీ పళ్ళరసం పోసి పెడుతుంది. నవ్వూ వస్తుంది, ఒళ్ళూ జలదరిస్తుంది. ఆమె తెలిసి చేస్తున్నదా తెలియక చేస్తున్నదా అన్నది చిత్రం చెప్పదు, చెప్పకపోవడమే మంచిది. అదే పిన్ మరోచోట సముద్రపుటొడ్డున కూర్చొని టోల్కీన్ పుస్తకాలు చదివావా అని బ్రెండన్‌ను అడుగుతాడు. ఆ ఒక్క ప్రశ్నతో అతను ప్రతినాయకుడి మూసలోంచి బయటపడి, ఎదగడం ఇష్టంలేని కుర్రవాడుగా కనిపిస్తాడు.

ఇక భాష సంగతి. ఈ పిల్లలు నేటి అమెరికన్ బడిపిల్లల్లా మాట్లాడరు. 1920ల, 30ల నేర కథల్లోని గజదొంగల్లా, ప్రైవేటు డిటెక్టివుల్లా ముక్కలు ముక్కలుగా, మారు పేర్లతో మాట్లాడతారు. మొదటిసారి చూసినప్పుడు సగం మాటలు నాకు అందలేదు. రెండోసారి గాని కథ ముడి విడలేదు. ఇది కొంతవరకు లోపమే. ఎవరు ఎవరికి ఏం అమ్మారో తెలియకపోతే ఎవరు ఎవర్ని మోసం చేశారో ఎలా తెలుస్తుంది? అయినా ఆ భాషలో ఒక లయ ఉంది, పాత్రలన్నీ దాన్ని నవ్వకుండా నమ్మి పలికాయి. తాను డషీల్ హామెట్ నవలల నుంచి దీన్ని తీసుకున్నానని దర్శకుడే చాలాసార్లు చెప్పాడు. అసలు పేచీ ఇక్కడే మొదలవుతుంది.

హామెట్‌కు (1894-1961) ఆ భాష ఎక్కడిది? చిన్నతనంలోనే చదువు మానేసి, 1915లో పింకర్టన్ డిటెక్టివు ఏజెన్సీలో చేరినవాడతను. ఆ ఏజెన్సీ దొంగల్ని పట్టడంతో బాటు యజమానుల తరఫున సమ్మెలు విరగ్గొట్టడానికీ, యూనియన్లలో గూఢచారుల్ని పెట్టడానికీ పేరుపొందింది. తక్కువ మాటలు, ఎవరినీ నమ్మని చూపు, ప్రతి మనిషికీ ఒక ధర ఉంటుందన్న తెలివిడి అతనికి ఆ కొలువులో అబ్బినవి. 1929లో వచ్చిన 'రెడ్ హార్వెస్ట్' చదవండి. గనుల ఊరు పర్సన్‌విల్. గనుల కంపెనీ, బ్యాంకు, పత్రికలు అన్నీ ఎలిహు విల్సన్ అనే ముసలి యజమానివే. సమ్మెను అణచడానికి అతనే కిరాయి గూండాలను దింపుతాడు. సమ్మె విరిగింది గాని గూండాలు ఊరు వదలలేదు, వాటా అడిగారు. పేరు కూడా లేని డిటెక్టివు వాళ్ళను ఒకరి మీదికి ఒకరిని ఎగదోసి ఊరంతా నెత్తురు పారిస్తాడు. చివరికి శుభ్రపడిన ఊరు మళ్ళీ ఆ ముసలాడి చేతికే పోతుంది. డిటెక్టివుకు ఆ సంగతి తెలుసు, చదివేవాడికీ తెలుసు. ఈ ఊరికి నమూనా అంటారే, ఆ మోంటానాలోని బ్యూట్ పట్టణంలో 1917లో ఫ్రాంక్ లిటిల్ అనే కార్మిక నాయకుణ్ణి నిజంగానే ఈడ్చుకుపోయి ఉరితీశారు.

'బ్రిక్' ఆ నవల నుంచి ఎత్తును తీసుకుంది. బ్రెండన్ కూడా పిన్‌కూ టగ్‌కూ మధ్య అనుమానాలు రాజేసి ఇద్దర్నీ చావు దాకా నడిపిస్తాడు. తీసుకోనిది ఎలిహు విల్సన్‌ను. ఈ ఊరికి యజమాని లేడు. లారా ఇంటి విందులు, కార్లు, పియానో ఏ సొమ్ముతో వచ్చాయో తెలియదు. హెరాయిన్ ఎక్కడి నుంచి వచ్చి ఎవరి ఒంట్లోకి పోతోందో తెలియదు. చెడిన సరుకు తిని కోమాలో పడిన కుర్రవాడు సంభాషణల్లో ఒక పేరుగా వినిపిస్తాడు, అంతే. పెద్దవాళ్ళంటే బడి ఉపప్రధానోపాధ్యాయుడు ట్రూమన్, పిన్ తల్లి, దాదాపు వీళ్ళిద్దరే.

దీనికి ఒక మిత్రుడు నాతో వాదించాడు. ఆ వయసు పిల్లలకు పెద్దవాళ్ళు కనిపించరు, లోకమంటే బడే, ఆ ఒంటరితనాన్నే చిత్రం పట్టుకుందని అతని మాట. తోసిపుచ్చే మాట కాదిది. పాత నేర కథ భాషను పిల్లల నోట పెట్టడంతో వాళ్ళ బాధకు ఒక పెద్దరికం వచ్చింది. పదిహేడేళ్ళ వాడికి ప్రేమభంగం నిజంగా హత్యంత పెద్దదే. కాని కథలో ఉన్నది ప్రేమభంగం ఒక్కటే కాదు కదా! ఒక వ్యాపారం ఉంది, సరుకు ఉంది, లాభం ఉంది, దానికోసం ప్రాణాలు పోయాయి. వ్యాపారాన్ని కథలోకి తెచ్చిన తర్వాత దాని లెక్కలు మాకు పట్టవనడానికి వీల్లేదు.

ఎమిలీ విషయంలో ఈ లోపం మరీ గుచ్చుకుంటుంది. ఆమె గర్భవతి. బిడ్డ తనదని ఇప్పటి ప్రేమికుడు నమ్మాడు. నీదేనని ఆమె చెప్పినందుకు టగ్ చంపాడు. ఆఖర్న ఫుట్‌బాల్ మైదానంలో లారా చెప్పిన నెలల లెక్కను బట్టి బిడ్డ బ్రెండన్‌దే కావచ్చు. ఇంతమంది మగవాళ్ళ లెక్కల మధ్య ఆమెకు దక్కింది ఒక ఫోన్ పిలుపు, ఒకటి రెండు సన్నివేశాలు, నీళ్ళలో పడి ఉన్న నీలిగాజుల చెయ్యి. బతికి ఉండగా ఆమెను కాపాడతానని బ్రెండన్ తన అదుపులో ఉంచుకోజూశాడు. ఆమె వదిలిపోయిందే అందుకు. చచ్చాక శవాన్ని సొరంగంలో దాచాడు, తర్వాత టగ్ కారు డిక్కీలో సాక్ష్యంగా పెట్టాడు. ఒక మనిషిని అటూ ఇటూ జరిపే సామానుగా చూడటం హంతకుడి లక్షణమైతే నాయకుడిలోనూ అది ఉంది. దర్శకుడికి ఈ సంగతి సగం తెలుసునని నా అనుమానం, లేకపోతే చివరి సన్నివేశంలో బ్రెండన్ ముఖాన్ని అంత సేపు చూపించడు. సగమే తెలుసు.

ఒక్కచోట మాత్రం చిత్రం హామెట్ అసలు ఆస్తిని తాకింది. గతంలో బ్రెండన్ జెర్ అనే కుర్రవాడి పేరు ట్రూమన్‌కు చెప్పి అతణ్ణి పట్టించాడు. ఇప్పుడు ట్రూమన్ మళ్ళీ పేర్లు అడుగుతాడు, ఇతను ఇవ్వనంటాడు. బల్లకు ఈవల అధికారి, ఆవల పిల్లవాడు, చాలా పదునైన సంభాషణ. 1951లో హామెట్‌ను కోర్టు ఇదే అడిగింది. సివిల్ రైట్స్ కాంగ్రెస్ వారి జామీను నిధికి ధర్మకర్తగా ఉన్న అతను, ఆ నిధికి డబ్బిచ్చినవారి పేర్లు చెప్పనని మౌనం వహించి, యాభై ఏడేళ్ళ వయసులో, క్షయ తిన్న ఊపిరితిత్తులతో జైలుకు వెళ్ళాడు. బ్రెండన్ మౌనం ఎంతో కాలం నిలవదు. చివరికి లారా బీరువాలో సరుకుందని ట్రూమన్‌కు చీటీ రాసి పెడతాడు. 'మాల్టీస్ ఫాల్కన్' (1930)లో స్పేడ్ కూడా బ్రిజిడ్‌ను పోలీసులకు అప్పగించాడు కదా అనవచ్చు. నిజమే. స్పేడ్ అప్పగించేటప్పుడు తన కారణాలను ఒక్కొక్కటే లెక్కపెట్టి చెప్పుకుంటాడు, అందులో తన స్వార్థాన్నీ దాచడు. బ్రెండన్ చీటీలో అలాంటి లెక్క లేదు, గాయపడిన ప్రేమ ఉంది.

ఇదంతా మనకెందుకు అనేవారికి ఒక మాట. డిటెక్టివు నవల తెలుగువాడికి కొత్తది కాదు. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్‌నూ, సహాయకుడు రాజునూ తెలియని పాఠకతరం ఒకప్పుడు లేదు. అభ్యుదయ కవిగా మనం తలుచుకునే ఆరుద్ర గారు సైతం డిటెక్టివు నవలలు రాశారు. రైల్వే ప్లాట్‌ఫారం మీద చౌకగా దొరికిన ఆ పాకెట్ పుస్తకాలు ఎందరికో చదివే అలవాటు నేర్పాయి. వాటిని చిన్నచూపు చూడటం నాకిష్టం లేదు. అయితే నేను చదివినంతలో వాటిలో అపరాధి దొరుకుతాడు, ఆస్తి మాత్రం బోనెక్కదు. హామెట్ చేసిన పనికి మన భాషలో దగ్గరి చుట్టం వెతకాలంటే నేను డిటెక్టివు నవలల అరలోకి పోను, రావిశాస్త్రి గారి 'ఆరు సారా కథలు' తీస్తాను. అక్కడ డిటెక్టివు లేడు, రహస్యమూ లేదు. నేరం ఎవరు చేశారో మొదటి పేజీలోనే తెలుసు. పోలీసు, ప్లీడరు, కోర్టు, సారా వ్యాపారి ఒకే తాడుకు ఎలా ముడిపడ్డారో, ఆ తాడు చివరికి ఏ పేదదాని మెడకు చుట్టుకుంటుందో విప్పి చూపడమే కథ. హామెట్‌కు పింకర్టన్ ఉద్యోగం ఎలాగో, విశాఖపట్నం కోర్టు వసారా ఆయనకు అలాగ. భాష కూడా అక్కడిదే, ఇంకెవరి దగ్గరా అరువు తెచ్చింది కాదు.

జాన్సన్‌కు ఆ చూపు బొత్తిగా లేదనడం అన్యాయం. 2019లో సుమారు 4 కోట్ల డాలర్ల ఖర్చుతో, పేరున్న తారలతో 'నైవ్స్ అవుట్' తీశాడు. అది కూడా హత్యా రహస్యమే. అందులో ముసలి రచయిత ఆస్తి కోసం వారసులంతా కొట్టుకుంటూ ఉంటే, అనుమతి పత్రాలు లేని తల్లికి పుట్టిన నర్సు మార్తా వాళ్ళ మధ్య నిలబడుతుంది. ఆమె మా ఇంటి మనిషే అని నోరారా చెప్పే ఆ కుటుంబంలో ఒక్కొక్కరూ ఆమె పుట్టింటి దేశం పేరు ఒక్కో రకంగా చెబుతారు. ఇల్లు ఎవరిది, ఎవరి చాకిరీతో నడుస్తోంది అనే ప్రశ్న అక్కడ సూటిగానే వచ్చింది. ఎటొచ్చీ ఆ చిత్రంలో 'బ్రిక్'లోని ఖాళీ నడవలు లేవు, ఆ బూట్ల చప్పుడు లేదు. అంతా నవ్వుల మధ్య, నగిషీ గోడల మధ్య సాఫీగా జరిగిపోతుంది. ఒక చిత్రంలో ఊరికి యజమాని దొరకలేదు, మరో చిత్రంలో యజమాని దొరికాడు గాని భయం జారిపోయింది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు, చేతిలో అతి తక్కువ డబ్బున్న రోజుల్లోనే ఆ నర్సు లాంటి ఒక మనిషిని సాన్ క్లెమెంటే బడిలోకి ఎందుకు రానివ్వలేదా అని నాకు అనిపిస్తూనే ఉంటుంది. ఆ బడి నడవలు ఊడ్చేవాళ్ళు, ఆ పిల్లల ఇళ్ళల్లో వంట చేసేవాళ్ళు కెమెరా పెట్టిన చోటికి పది అడుగుల దూరంలోనే ఉండి ఉంటారు. వాళ్ళను చూపించడానికి పెద్ద ఖర్చేమీ అయ్యేది కాదు.