మోనె చిత్రంలో మంచు, మనిషి

క్లాడ్ మోనె 1897లో చిత్రించిన 'జివెర్నీ వద్ద సెయిన్ నదీపాయ – మంచు' ఇప్పుడు షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. దాని అచ్చుప్రతిని ఈ మధ్య మా తరగతిలో చూపించాను. పాఠం భావకవిత్వం. మంచుతెర, మసకవెలుగు అనే మాటలను పిల్లలు కంటితో చూడాలని నా ఉద్దేశం. వెనకబల్ల మీది కుర్రవాడు లేచి, "ఏటిలో ఒక్క మనిషీ లేడేంటండీ మాస్టారూ?" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

కోనసీమవాడు అడగవలసిన ప్రశ్నే అది. నా చిన్నతనంలో పుష్యమాసపు తెల్లవారుజామున కోటిపల్లి రేవులో నిలబడితే అవతల ముక్తేశ్వరం ఒడ్డు కనిపించేది కాదు. వెచ్చని నీటిమీదికి చలిగాలి దిగి ఆవిరి చిక్కబడేది. అందులోనుంచి తెడ్డు చప్పుడు, పడవవాడి కేక, ఎవరిదో దగ్గు. మంచు మాకు ముందు చెవులకే తెలిసేది.

మోనె మంచులో చప్పుడు లేదు. చిత్రం దాదాపు చతురస్రం. చెట్లు ఎక్కడ ముగిశాయో, నీటిలో వాటి నీడ ఎక్కడ మొదలైందో చెప్పలేము. నీలం, లేత ఊదా, ఆకుపచ్చ ఒకదానిలో ఒకటి కరిగిపోయాయి. దీనిని పలాయనవాదమని తోసిపుచ్చడం మన విమర్శకులకు తేలిక. నేనలా అనలేను. 1896, 1897 వేసవులలో ఆయన తెల్లవారకముందే లేచి, నదిలో కట్టిన పడవలో కూర్చునేవాడు. పద్నాలుగు కాన్వాసులు ఒకేసారి నడిచేవి. వెలుగు మారగానే ఒకటి దించి మరొకటి ఎత్తడం. కాలాన్ని కొలిచేవాడి పని ఇది. మన భావకవులలో చాలామంది మంచును ఇంత ఓపికగా చూడలేదు, నిఘంటువులోనుంచి తెచ్చుకున్నారు.

ఇంత వ్యవధి ఎక్కడిదని కూడా అడగాలి. మోనె అప్పటికే బొమ్మలు అమ్ముడుపోయి, 1890లో జివెర్నీలో ఇల్లు కొనుక్కున్నవాడు. ఈ చిత్రం పుట్టిన 1897లోనే రాజమండ్రిలో పుట్టి, గోదావరిని చిత్రించిన దామెర్ల రామారావు 1925లో మశూచితో పోయాడు. ఇరవై ఎనిమిదేళ్ళు నిండలేదు.

ఇక ఆ పడవలో రెండోమనిషి ఉన్నాడు. 1897లో వెళ్ళి చూసివచ్చిన మోరిస్ గిల్మో అనే పత్రికారచయిత ఆ సంగతి రాశాడు. అంకెలు వేసిన కాన్వాసులు అందించడానికి మోనె వెంట ఒక సహాయకుడు ఉండేవాడు. చలిలో యజమానితోపాటు లేచినవాడు చిత్రంలో లేడు. పడవా లేదు. మా కుర్రవాడి ప్రశ్న తగిలేది సరిగ్గా ఇక్కడే.

తప్పు మంచుదని గాని, ఇంప్రెషనిస్టు పద్ధతిదని గాని అంటే ఒప్పుకోను. 1896లోనే, అదే నది దిగువన, రువాన్ పట్టణంలో కామిల్ పిస్సారో కూడా చిత్రిస్తున్నాడు. కంటిజబ్బువల్ల ఆరుబయట కూర్చోలేక హోటలు కిటికీలోనుంచి చూసి వేసేవాడు. అక్కడా అంతా మసకే. వానతడి, పొగమంచు, స్టీమర్ల పొగ కలిసిపోయి ఏది ఏదో తెలియదు. కాని బోయెల్డ్యూ వంతెనమీద బండ్లు పోతున్నాయి, జనం నడుస్తున్నారు. ముఖాలు లేవు, ఒక్కొక్కరు ఒక్కొక్క కుంచె మచ్చ. అయినా పనిమీద పోతున్నారని తెలుస్తూనే ఉంది. మోనెకు ఆ మచ్చ వెయ్యడం చేతగాక కాదు. మనిషి కంటబడని మలుపు చూసి పడవ కట్టుకున్నాడు.

పిస్సారో అచ్చుప్రతి కూడా సంపాదించాను. వచ్చే వారం రెండింటినీ పక్కపక్కనే పెట్టి చూపిస్తాను. ఈసారి ముందు ఆ వెనకబల్లవాణ్ణే మాట్లాడమంటాను.